పెట్రోలు చీటీయా, విమానం పాయింటా?

సంసారంలో పెద్ద తగాదాలన్నీ చిన్న మొత్తాల దగ్గరే పుడతాయి. ఇల్లు కొనేటప్పుడు ఆలుమగలు ఇద్దరూ నవ్వుకుంటూ వెళ్ళి, ముప్ఫై ఏళ్ళ అప్పు మీద సంతకాలు పెట్టి వస్తారు. నాలుగు డబ్బుల దగ్గర మాత్రం నాలుగు రోజులు మాటలుండవు. మా ఇంట్లో ఆ నాలుగు డబ్బుల పేరు నాలుగు సెంట్లు.

మేము ఆస్ట్రేలియాలో, మెల్‌బోర్న్ నగరానికి పడమటి వేపున టార్నీట్ అనే పేటలో ఉంటున్నాం. సాయంత్రం నడకకి బయల్దేరితే మూడో ఇంటి దగ్గర తాలింపు వాసనా, అయిదో ఇంటి దగ్గర తెలుగు పలకరింపూ తగులుతాయి. అంచేత పరాయి దేశంలో ఉన్నామన్న బెంగ అట్టే లేదు. మావారి ఉద్యోగం మాత్రం ఊరికి ఆ చివర, డాండెనాంగ్‌లో. పోనూ రానూ రోజుకి నూట ముప్ఫై కిలోమీటర్లు. వారం తిరిగేసరికి కారు యాభై లీటర్ల పెట్రోలు తాగేస్తుంది.

ఇక్కడి పెద్ద వెచ్చాల దుకాణాల్లో ఒక పద్ధతి ఉంది. ముప్ఫై డాలర్లకు తక్కువ కాకుండా ఒకే బిల్లు చేస్తే, ఆ దుకాణంతో పొత్తున్న పెట్రోలు బంకులో లీటరుకి నాలుగు సెంట్లు తగ్గిస్తారు. అదే పెట్రోలు చీటీ. ఒకప్పుడు ఈ తగ్గింపులు ఇంతకన్న బాగా పెద్దవి ఉండేవి. రెండు పెద్ద దుకాణాలూ పంతం పట్టి ఇలా పెంచుకుంటూ పోతే చిన్న బంకులవాళ్ళు మూతపడతారనీ, ఆ తర్వాత నష్టపోయేది కొనేవాళ్ళేననీ అక్కడి పోటీ, వినియోగదారుల కమిషన్ అడ్డు తగిలింది. 2013 డిసెంబరులో కోల్స్, వూల్‌వర్త్స్ సంస్థల చేత హామీలు తీసుకుంది. 2014 జనవరి 1 నుంచి, సరుకుల బిల్లు మీద ఇచ్చే తగ్గింపు నాలుగు సెంట్లు మించకూడదన్నది ఆ హామీ.

మావారు ఈ చీటీకి పరమ భక్తులు. ఆయన దారిలో ఉన్న బంకు ఒక దుకాణం చీటీనే తీసుకుంటుంది. నేను సరుకులు తెచ్చేది ఇంకో దుకాణంలో. ఎంచేతంటే, నా మనస్సు నేల మీద లేదు, ఆకాశంలో ఉంది. నా దుకాణం కార్డు మీద పడే పాయింట్లు విమాన సంస్థ ఖాతాలోకి మారతాయి. నరసరావుపేటలో మా అమ్మ ఒక్కతే ఉంది. ఏనాటికైనా ఆ పాయింట్లతో, చేతి డబ్బు పడకుండా, గబుక్కున వెళ్ళి అమ్మ ముందు నిలబడాలని నా ఆశ.

"నీ పాయింట్లు ఎండమావులోయ్! నా నాలుగు సెంట్లు బంకులో కళ్ళెదుట కనబడతాయి," అనేవారు ఆయన.

"మీ నాలుగు సెంట్లతో నరసరావుపేట వెళ్ళొచ్చేమిటండీ?" అనేదాన్ని నేను.

ఇల్లా నాలుగేళ్ళు గడిచాయి.

ఇహ లెక్క చెబుతాను. అసలు సంగతి అంతా లెక్కలోనే ఉంది. అందరికీ తెలిసిన పథకం ఒకటి ఉదాహరణకి తీసుకుందాం. వూల్‌వర్త్స్ వారి ఎవ్రీడే రివార్డ్స్ కార్డు మీద ఒక డాలరు ఖర్చుకి ఒక పాయింటు. రెండు వేల పాయింట్లయితే బిల్లులో పది డాలర్లు తగ్గిస్తారు. అది వద్దనుకుంటే అవే రెండు వేలూ వెయ్యి క్వాంటాస్ పాయింట్లవుతాయి. అంటే వెయ్యి విమానం పాయింట్ల కోసం మనం పది డాలర్లు వదులుకుంటున్నామన్నమాట. ఒక్కొక్క పాయింటు మనకి ఒక సెంటు పడింది. దాన్ని వాడినప్పుడు సెంటు కన్న ఎక్కువ విలువ వస్తే లాభం, తక్కువ వస్తే నష్టం. ఇంతే సూత్రం!

మెల్‌బోర్న్ నుంచి సిడ్నీకి మామూలు తరగతిలో ఒక వేపు సీటుకి క్వాంటాస్ వారు చాలాకాలం ఎనిమిది వేల పాయింట్లు తీసుకునేవారు. పన్నులూ, రుసుములూ వేరే. అంటే ఎనభై డాలర్లు ముందే వదులుకున్నట్టు. ఆ రోజు టిక్కెట్టు ధర నూట ఎనభై ఉంటే మీరు గెలిచారు. చౌక అమ్మకంలో డెబ్భైకే దొరుకుతూంటే ఓడిపోయారు. 2025 ఆగస్టులో ఆ ఎనిమిది వేలు తొమ్మిది వేల రెండు వందలయింది. మన పెట్టెలో దాచిన డబ్బు విలువ ధరలు పెరిగి తగ్గడం మనకి తెలిసిందే. పాయింటు విలువ తగ్గాలంటే ధరలు పెరగనక్కరలేదు, ఇచ్చినవారు పట్టిక మారిస్తే చాలు. 2015లో వూల్‌వర్త్స్ వారు తమ పథకంలోంచి క్వాంటాస్ పాయింట్లే తీసేశారు. జనం గోలపెడితే 2016లో మళ్ళీ చేర్చారు.

మా ఇంట్లో వారానికి రెండు వందల యాభై డాలర్ల వెచ్చాలు. ఏడాదికి పదమూడు వేల పాయింట్లు. విమానం పాయింట్లయితే ఆరున్నర వేలు, డబ్బయితే అరవై అయిదు డాలర్లు. ఏడాది పొడుగునా ఇల్లంతా తిన్న తిండికి సిడ్నీకి ఒక వేపు సీటు కూడా రాదన్నమాట! ఈ లెక్క నేను మొదటి రోజునే వేసుకుని ఉండవలసింది. వేసుకోలేదు. పాయింట్లు వేలల్లో కనబడితే మనిషికి అదో మత్తు.

మావారి లెక్క చూడండి. యాభై లీటర్లకి నాలుగేసి సెంట్లు, వారానికి రెండు డాలర్లు. ఏడాదికి నూట నాలుగు. నా అరవై అయిదు కన్న మెరుగే! కాని ఆ చీటీ కోసం ఆయన ప్రతి వారం తన దుకాణంలోకి దూరేవారు. చేతిలో ఇరవై ఆరు డాలర్ల సరుకు ఉంటే, ముప్ఫై చెయ్యడానికి నాలుగు డాలర్ల చాకొలేటు వేసేవారు. రెండు డాలర్లు మిగల్చడానికి నాలుగు డాలర్ల ఖర్చు! పిల్లలు మాత్రం నాన్నగారి పొదుపుని తెగ మెచ్చుకునేవారు.

ఇంకో రహస్యం. మెల్‌బోర్న్, సిడ్నీ, బ్రిస్బేన్, ఎడిలైడ్, పెర్త్ నగరాల్లో పెట్రోలు ధర కెరటంలా నడుస్తుంది. ఒక్కసారిగా లేచి, తర్వాత మెల్లిమెల్లిగా దిగుతుంది. పై ధరకీ కింది ధరకీ లీటరు దగ్గర ఇరవై సెంట్లకు పైగా తేడా ఉండటం మామూలే. దిగినప్పుడు నింపుకున్నవాడికి ఏ చీటీ లేకపోయినా అయిదు చీటీల లాభం. చీటీ ఉంది కదా అని కెరటం మీదున్నప్పుడు నింపుకున్నవాడికి చీటీ వల్ల ఒరిగేదేమీ లేదు.

ఒక్క విషయంలో మాత్రం మావారి మాట కాదనలేను. ఆయన కాగితం చీటీయే వాడతారు గాని కార్డు తీసుకోలేదు. "మనం ఏ సబ్బు రుద్దుకుంటున్నామో, ఏ మాత్రలు మింగుతున్నామో వాళ్ళ పుస్తకంలో ఎందుకోయ్?" అంటారు. నేను నవ్వేదాన్ని. కాని ఆ పోటీ కమిషన్ వారే 2019 డిసెంబరులో ఇల్లాంటి కార్డు పథకాల మీద నివేదిక ఇచ్చి, జనం సమాచారం సేకరించే తీరు మీద ఆక్షేపణ చెప్పారు. ఊరికే ఇస్తున్నారనుకునే పాయింట్లకి మనమూ ఒక ధర ఇస్తూనే ఉన్నాం.

సరే, అసలు కథకి వస్తాను.

2024 జూలైలో ఒక రాత్రి, పదిన్నర వేళ, నరసరావుపేట నుంచి పక్కింటి పిన్నిగారు ఫోను చేశారు. అమ్మ స్నానాలగదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. గుంటూరు తీసుకువెళుతున్నారు. మర్నాడో, ఎల్లుండో ఆపరేషను.

నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అయినా లోపల ఒక మూల ధైర్యం. నా ఖాతాలో ఇరవై ఆరు వేల పాయింట్లున్నాయి. తక్కువైనవి డబ్బిచ్చి సర్దుకోవచ్చనుకున్నాను. ఆ రాత్రి ఒంటిగంట దాకా కంప్యూటరు ముందు కూర్చున్నాను. పాయింట్లకిచ్చే సీట్లు ప్రతి విమానంలోనూ కొన్నే ఉంటాయి. అవి ఎప్పుడో నెలల కిందటే చూసుకుని తీసుకోవలసినవి. పైగా బడి సెలవులు. వారం రోజుల దాకా ఒక్కటి లేదు. నలభై రోజుల తర్వాత ఒకటి కనబడింది. నలభై రోజుల తర్వాత నాకెందుకు?

అప్పుడు నాకు ఒళ్ళు మండి, ఆ మంట మావారి మీదకి తిరిగింది. "నాలుగేళ్ళుగా మీరు మిగిల్చిన నాలుగు వందల చిల్లర డాలర్లేవీ? తెండి!" అన్నాను.

ఆయన తెల్లబోయారు. ఎక్కడున్నాయని తెస్తారు? వారానికి రెండు డాలర్లు తగ్గినమాట నిజం. తగ్గిన ఆ రెండూ కాఫీలోకో, చాకొలేటులోకో, కరెంటు బిల్లులోకో జారిపోయాయి. నా పొదుపు కంటికి కనబడుతోంది, చేతికి రాదు. ఆయన పొదుపు చేతికి వచ్చింది, కంటికి కనబడకుండా పోయింది. ఆ అర్ధరాత్రి ఇద్దరమూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. తర్వాత ఆయనే లేచి, క్రెడిట్ కార్డు తీసి, రెండు వేల పైచిలుకు డాలర్లు పోసి, సింగపూరు మీదుగా హైదరాబాదుకి టిక్కెట్టు కొన్నారు. మాట్లాడకుండా నా పెట్టె సర్దారు. ఆ రోజు నుంచి ఆయన్ని చాకొలేటు గురించి నేను ఎత్తిపొడవలేదు.

ఆపరేషను బాగా జరిగింది. అమ్మ కళ్ళు తెరిచి నన్ను చూసి, "ఎందుకు తల్లీ, అంత డబ్బు పోసుకుని వచ్చావు?" అంది. తల్లులందరూ మొదట అడిగేది అదే గాబోలు. పదిరోజులు పక్కనే ఉన్నాను. ఒకనాడు పొద్దు పోక, ఈ చీటీల పురాణమూ, పాయింట్ల పురాణమూ అంతా చెప్పాను. అమ్మ నవ్వి, నవ్వితే నడుము నొప్పి పుట్టి, మళ్ళీ నవ్వింది.

"మీ ఇద్దరూ చదువుకున్నవాళ్ళే! నేను ఎసరు పెట్టేటప్పుడు కొలిచిన బియ్యంలోంచి రోజూ ఒక పిడికెడు తీసి ఆ మూల కుండలో వేసేదాన్ని, గుర్తుందా? నెలాఖరుకి చుట్టాలొస్తే ఆ కుండే ఆదుకునేది. ఆ పిడికెడు కోమటి కొట్లోనే వదిలేసి రాలేదే అమ్మాయీ! అలాగని అన్నంలో కలిపి వండెయ్యనూ లేదు. మా ఇంటి కుండలో వేశాను."

ఇంతే చెప్పింది. నా పాయింట్లు కొట్లో వదిలిన పిడికెడు. మావారి సెంట్లు అన్నంలో కలిసిన పిడికెడు. మా ఇంట్లో కుండే లేదు!

తిరిగి వచ్చాక ఇద్దరం కూర్చుని నాలుగు నియమాలు పెట్టుకున్నాం. నా కార్డు మీద విమానం పాయింట్లు మాని, పది డాలర్ల తగ్గింపే తీసుకోవడం. పాలూ, పళ్ళూ, గుడ్లూ ఎలాగూ కొనాలి గాబట్టి అవి మాత్రం వారానికోసారి ఆయన దుకాణంలో, ముప్ఫై దాటేటట్టు. ముప్ఫై కోసం చాకొలేటు వెయ్యరాదు. పెట్రోలు ధర కెరటం మీదుంటే చీటీ ఉన్నా సగం టాంకుతో సరిపెట్టుకోవాలి. అన్నిటికన్న ముఖ్యం, తగ్గిన ప్రతి డాలరూ ఆ రోజే బాంకులో వేరే ఖాతాలో వెయ్యాలి. ఆ ఖాతాకి "పిడికెడు" అని పేరు పెట్టాం.

ఏడాది తిరిగేసరికి నా పది డాలర్లు అయిదుసార్లు వచ్చాయి. మావారి చీటీ మూడు వారాలు తప్పి, నలభై తొమ్మిది వారాలు నడిచింది. మొత్తం నూట నలభై ఎనిమిది డాలర్లు. విమానం టిక్కెట్టులో పదో వంతు కూడా కాదు. నిజమే. కాని అలవాటయ్యాక, నెలకి ఇంకో యాభై ఆ కుండలో వెయ్యడం మాకు కష్టమనిపించలేదు. అసలు టిక్కెట్టు కొనేది ఆ యాభైలే. చీటీలు మాకు చెయ్యి సాచడం నేర్పాయి, అంతే.

పాయింట్లు పనికిరానివని నేననను. నా ఇరవై ఆరు వేలూ వృథా పోలేదు. ఆరునెలలు ముందుగా చూసుకుంటే మా అబ్బాయికి సిడ్నీ పోనూ రానూ సీట్లు దొరికాయి. ప్రయాణం ఎప్పుడో ముందే తెలిసి, తేదీలు అటూ ఇటూ జరుపుకోగలిగి, నెలల ముందు సీటు పట్టుకునే ఓపిక ఉన్నవారికి పాయింటు రెండు సెంట్ల విలువైనా ఇస్తుంది. అల్లాంటివారు విహారానికి పాయింట్లు దాచుకోవచ్చు. ఆపదకి మాత్రం దాచుకోకూడదు. ఆపద తేదీ ముందుగా చెప్పి రాదు.

అమ్మ ఇప్పుడు చేతికర్రతో పెరట్లోకి నడుస్తోంది. మొన్న ఫోనులో, "అల్లుడు గారి పెట్రోలు చీటీలు ఎల్లా ఉన్నాయే?" అని అడిగింది. పక్కనుంచి మావారు అందుకుని, "కుండ నిండుతోందత్తయ్యా!" అన్నారు.