గగన విహార క్రీడ – గుణదోష విచారణ

అరుణాస్పదపురంలోని ప్రవరుడు నిష్ఠాపరుడు, ఇల్లు విడిచి ఎరుగనివాడు. అయినా తీర్థాల పేరు వింటే అతని మనస్సు నిలువదు. సిద్ధుడొకడు ఇచ్చిన పాదలేపాన్ని పూసుకొని క్షణంలో హిమాలయాన్ని చేరుకొన్నాడు. మంచునీటికి లేపం కరిగిపోయింది. తిరుగుదారి మూసుకొనిపోయింది. అల్లసాని పెద్దన 'మనుచరిత్ర'లోని ఈ కథ మీలో చాలామందికి తెలిసినదే. అయిదు వందల ఏండ్లనాటి ఈ కథ, 2007లో వెలువడిన ఒక వీడియో గేమును తూచడానికి అక్కరకు వస్తుందంటే మీకు వింతగా తోచవచ్చు.

ఆ గేము పేరు 'లేయర్'. క్రూరమృగాలు నివసించే గుహ అని ఆ మాటకు అర్థం. జర్మనీలో పుట్టి అమెరికాలోని కాలిఫోర్నియాకు తరలిన 'ఫ్యాక్టర్ 5' అనే సంస్థ దీనిని రూపొందించగా, సోనీ సంస్థ ప్లేస్టేషన్ 3 యంత్రం కోసం విడుదల చేసింది. గగనయుద్ధ క్రీడల నిర్మాణంలో ఫ్యాక్టర్ 5 చేయి తిరిగిన సంస్థ. స్టార్ వార్స్ చలనచిత్రాల ఆధారంగా 1998లో అది నిర్మించిన 'రోగ్ స్క్వాడ్రన్', 2001లో నిర్మించిన 'రోగ్ లీడర్' ఆటగాళ్ళ మన్ననలు పొందాయి. ఈసారి విమానానికి బదులు డ్రాగన్ వచ్చింది. రెక్కలు ధరించి, నిప్పులు కక్కే మహాసర్పం అది. రోన్ అనే యోధుడు దానిపై స్వారీ చేస్తూ శత్రువులతో పోరాడతాడు. ప్లేస్టేషన్ 3 అప్పటికి కొత్తది. దాని శక్తిని లోకానికి చాటే గేము ఇదేనని అందరూ ఎదురుచూశారు. తీరా విడుదలయ్యాక సమీక్షల సగటు మెటాక్రిటిక్ లెక్కలో నూటికి 53 దగ్గర ఆగిపోయింది.

తెలుగు పాఠంలో వీడియో గేము విచారణ ఏమిటని పెద్దలు ప్రశ్నించవచ్చు. ఒకనాడు సినిమాను గూర్చి కూడా ఇట్లే ప్రశ్నించారు. మన భారత వైమానిక దళమే 2014లో ఒకటి, 2019లో మరొకటి గగనయుద్ధపు ఆటలను సెల్‌ఫోన్ల కోసం విడుదల చేసి యువతను పలకరించింది. ఆడేవారు ఉన్నప్పుడు తూచేవారు ఉండవలసిందే.

లేయర్‌కు వచ్చిన చిక్కు కథలో పుట్టినది కాదు, చేతిలో పుట్టినది. సాధారణంగా ఇట్టి ఆటలలో కంట్రోలర్‌పై ఉండే చిన్న పుల్లను బొటనవ్రేలితో కదుపుతారు. లేయర్‌లో డ్రాగన్‌ను నడపడానికి ఆ పుల్ల పనికిరాదు. 'సిక్సాక్సిస్' అనే కంట్రోలర్‌నే రెండు చేతులతో పట్టుకొని పక్కలకు, ముందు వెనుకలకు వంచాలి. దానిని ముందుకు విసురుగా తోస్తే డ్రాగన్ వేగంగా దూకుతుంది. ఒక్కసారి పైకి కుదిపితే గిరుక్కున వెనుదిరుగుతుంది. వినడానికి ఇది ఎంతో రమ్యంగా ఉంది. కళ్ళెం పట్టిన చేతికీ సర్పానికీ మధ్య అడ్డేమీ లేదన్నమాట.

అయితే భౌతికశాస్త్రం చదివే విద్యార్థులకు ఇక్కడ ఒక సందేహం కలగాలి. కంట్రోలర్ లోపల త్వరణాన్ని కొలిచే పరికరం ఉంటుంది. అది భూమ్యాకర్షణ ఎటు ఉన్నదో చూచి చేయి ఎంత వంగిందో లెక్కగడుతుంది. చేయి విసురుగా కదిలినప్పుడు పుట్టే త్వరణం కూడా అదే కొలతలో కలిసిపోతుంది. ఏది వంపు, ఏది కుదుపు అనే విచక్షణ ఆ పరికరానికి తనంతట తానుగా లేదు. గేము నిర్మాతలే దానికి నేర్పాలి.

తిరుమల కనుమదారిలో బస్సు ఎక్కినప్పుడు ఈ సంగతి నాకు కండ్లకు కట్టినట్లు తెలిసింది. నా పక్క సీటులోని కుర్రవాడు సెల్‌ఫోన్‌ను వంచుతూ విమానం ఆట ఆడుతున్నాడు. బస్సు పెద్ద మలుపు తిరిగింది. అతని చేతులు స్థిరంగానే ఉన్నాయి, కాని తెర మీది విమానం ఒక పక్కకు ఒరిగి కొండను ఢీకొన్నది. "నాకు ఆడడం రాదు సార్" అని అతడు సిగ్గుపడ్డాడు. తప్పు అతనిది కాదు. బస్సు మలుపును ఫోను చేతి వంపుగా భావించింది.

మరొక లోపం కూడా ఉంది. బొటనవ్రేలు తీయగానే పుల్ల తనంతట తాను నడిమికి చేరుతుంది. అసలైన యుద్ధవిమానంలో పైలట్ పట్టుకొనే దండం కూడా చేతికి కొంత ఎదురు బలం చూపుతుంది. ఎంత లాగామో చేతికే తెలుస్తుంది. గాలిలో పట్టుకొన్న కంట్రోలర్‌కు నడిమి స్థానం లేదు, ఎదురు బలం లేదు. పైగా ఆనాటి సిక్సాక్సిస్‌లో చేతికి తగిలే కంపనం సైతం లేదు. అందువల్ల ఆటగాడు తన చేయి ఎక్కడ ఉన్నదో తెరను చూచి ఊహించుకోవలసి వచ్చింది. కోరినప్పుడు డ్రాగన్ వెనుదిరగలేదని కొందరు, కోరనప్పుడు తిరిగిందని కొందరు సమీక్షకులు వ్రాశారు.

ఇక్కడ విమర్శకుడు జాగ్రత్తగా అడుగు వేయాలి. కష్టం వేరు, అవ్యవస్థ వేరు. వీణ కష్టమైన వాద్యమే. కాని అదే మెట్టుపై అదే తంత్రిని నొక్కి మీటితే అదే స్వరం పలుకుతుంది. కనుక సాధన ఫలిస్తుంది. ఒకే కదలికకు ఒకసారి ఒక ఫలితం, మరొకసారి మరొక ఫలితం వచ్చేచోట సాధనకు అర్థం ఉండదు. గేము విడుదలయ్యాక సోనీ సంస్థ సమీక్షకులకు ఆడే విధానాన్ని వివరించే మార్గదర్శిని పంపింది. ఇరవై పుటలకు పైబడిన ఆ పుస్తకాన్ని చూచి పలువురు పరిహసించారు. నేను పరిహసించను. కొత్త వాద్యానికి శిక్షణ అవసరమే. కాని సాధన చేసిన సమీక్షకుల చేతిలో కూడా అపస్వరమే పలికినప్పుడు దోషం వాదకునిపై మోపడం న్యాయం కాదు.

ప్రవరుని లేపం కూడా వమ్మయినదే గదా అని మీరు అనవచ్చు. నిజమే. కాని ఆ లేపం కరగడానికి కథలోనే కారణం ఉన్నది. కరిగినందువల్లనే వరూధిని కథ నడిచింది. లేయర్‌లో సాధనం వమ్మయినప్పుడు కథ ఆగిపోతుంది. రోన్ ఓడిపోయినది శత్రువు బలం వల్ల కాదని ఆడేవానికి తెలుస్తూనే ఉంటుంది. పదకొండవ శతాబ్దిలో కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు 'ఔచిత్య విచార చర్చ'లో కావ్యానికి ఔచిత్యమే ప్రాణమన్నాడు. మహాసర్పంపై స్వారీకి కళ్ళెంలాంటి కదలికను ఎంచుకోవడం ఔచిత్యమే. కాని గురి తప్పితే ప్రాణం పోయే పోరాటంలో గురి కుదరని సాధనాన్ని చేతికివ్వడం అనౌచిత్యం.

గుణాలను కూడా చెప్పకపోతే అది విమర్శ అనిపించుకోదు. జాన్ డెబ్నీ కూర్చిన వాద్యగోష్ఠి సంగీతాన్ని తక్కువ మార్కులు వేసినవారు సైతం మెచ్చుకొన్నారు. కోటలు, సముద్రం, సర్పాల పొలుసులు ఆ కాలానికి చూడముచ్చటగా ఉన్నాయి.

2008లో నిర్మాతలు గేముకు ఒక సవరణను విడుదల చేశారు. దానితో డ్రాగన్‌ను బొటనవ్రేలి పుల్లతో నడిపే వీలు కలిగింది. అప్పుడు మళ్ళీ ఆడినవారికి మరొక సంగతి బయటపడింది. చేతి చిక్కు చాలవరకు తీరింది గాని, శత్రువుపై గురి నిలుపుకొనే పద్ధతిలోను, ఎక్కడికి పోవాలో ఏమి చేయాలో తెలియజెప్పడంలోను ఉన్న లోపాలు అట్లే మిగిలాయి. తొలి సమీక్షలలో చాలా భాగాన్ని కంట్రోలర్‌పై కోపమే ఆక్రమించింది. ఇక ఫ్యాక్టర్ 5 వారి అమెరికా శాఖ 2009లో మూతపడింది. లేయర్ తరువాత ఆ శాఖ నుండి మరొక గగనయుద్ధ క్రీడ వెలువడలేదు.