ఎముక శిలాజమా, శిలాదారువా, అగేట్ రాయా? గుర్తించే విధానం

1. పరిచయం

పెన్న ఇసుకలోనో, పరిగి చెరువు కట్ట దగ్గరో తొడ ఎముకలా కనిపించే తెల్లటి రాయి మీకు దొరికిందనుకోండి. అది శిలాజమేనా? బయటి ఆకారాన్ని మాత్రమే చూసి ఈ ప్రశ్నకు జవాబు చెప్పకూడదు. ముందు నేలను, తరువాత రాయి లోపలి నిర్మాణాన్ని పరిశీలించాలి.

2. నేల చెప్పే సాక్ష్యం

పరిగి, హిందూపురం, పెనుకొండ ప్రాంతాల్లో ప్రధానంగా ఉన్నవి గ్రానైట్, నీస్ శిలలు. వీటి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు, కొన్నింటిది ఇంకా ఎక్కువ. ఎముకలు గల జీవులు కనిపించేది గత 50 కోట్ల సంవత్సరాలలోనే. కలప గల మొక్కలు ఆ తరువాత వచ్చాయి. కాబట్టి ఈ శిలల్లో ఎముక గానీ కలప గానీ ఉండే అవకాశం లేదు. నంది కొండల్లో పుట్టి ఇక్కడికి చేరే పెన్న కూడా ఇలాంటి శిలల మీదుగానే వస్తుంది. అందువల్ల ఇక్కడ దొరికే ‘ఎముక’ సాధారణంగా క్వార్ట్జ్ ముక్క, సున్నపు గడ్డ, లేదా ఇటీవల చనిపోయిన పశువు ఎముక అయి ఉంటుంది.

ఇతర చోట్ల పరిస్థితి వేరు. రాయలసీమలోనే బేతంచర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ జరిపించిన తవ్వకాల్లో పురాతన జంతువుల ఎముకలు లభించాయి. గోదావరి లోయలోని యామనపల్లి దగ్గర దొరికిన డైనోసార్‌కు 1988లో కోటాసారస్ అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో చూడవచ్చు. శిలాదారువులకు తమిళనాడులోని తిరువక్కరై ప్రసిద్ధి. దక్కన్ బసాల్ట్ శిలల నుంచి వచ్చిన అగేట్ రాళ్లు కృష్ణా, గోదావరి గులకల్లో దొరుకుతాయి.

3. లోపలి నిర్మాణం

విరిగిన అంచును నీటితో తడిపి, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో చూడండి.

అ) ఎముక: బయట గట్టి పొర, లోపల స్పంజి వంటి గదులు ఉంటాయి. గదుల పరిమాణం, ఆకారం ఒకేలా ఉండవు. గట్టి పొరలో రక్తనాళాలు సాగిన సన్నని రంధ్రాలు కనిపించవచ్చు.

ఆ) శిలాదారువు: కణాలు, నారలు ఒకే దిశలో బారుగా సాగుతాయి. అడ్డంగా కోసిన ముఖం మీద వలయాలు, కేంద్రం నుంచి బయటికి సాగే కిరణరేఖలు ఉంటాయి. ఉష్ణమండల వృక్షాల్లో వలయాలు స్పష్టంగా లేకపోవచ్చు. కనుక వలయాలు లేనంత మాత్రాన కలప కాదనకండి.

ఇ) అగేట్: కణాలు ఉండవు. రాతిలోని ఖాళీ గోడల వెంట పొర మీద పొరగా సిలికా పేరుకోవడం వల్ల చారలు ఏర్పడతాయి. పలుచని అంచు గుండా వెలుతురు కనిపిస్తుంది. విరిగిన చోట చిప్పలా నున్నగా ఉంటుంది.

4. పరీక్షలు, వాటి పరిమితులు

అగేట్ కాఠిన్యం సుమారు 7. అది గాజును గీస్తుంది. సిలికా నిండిన శిలాదారువు కూడా గీస్తుంది. అందువల్ల ఈ పరీక్ష ఆ రెండింటినీ వేరుచేయలేదు. ఎముకలోని ఎపటైట్ ఖనిజం కాఠిన్యం 5 మాత్రమే. కానీ ఎముక రంధ్రాల్లో సిలికా నిండితే అదీ గాజును గీయవచ్చు. నాలుకకు అంటుకుంటే ఎముకే అనే మాట కూడా నమ్మదగినది కాదు. పొడి బంకమట్టి కూడా అలాగే అంటుకుంటుంది. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేయగానే బాగా పొంగితే సున్నపు గడ్డ కావచ్చు. అయితే కాల్సైట్ నిండిన శిలాజం కూడా పొంగుతుంది. విలువైనదనిపించిన నమూనాపై గీతలు, ఆమ్లం వద్దు.

గుర్తుంచుకోండి: ఖనిజం మారవచ్చు, నిర్మాణం మిగిలి ఉంటుంది. తుది నిర్ణయానికి నిర్మాణమే ఆధారం.

5. శిలాజమనిపిస్తే

దాన్ని పెకలించకండి. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. స్థలం, లోతు, చుట్టూ ఉన్న మట్టి లేదా శిల వివరాలు రాసుకోండి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు గానీ విశ్వవిద్యాలయ భూవిజ్ఞాన శాఖకు గానీ తెలియజేయండి. ఏ పొరలో ఉందో తెలియకపోతే దాని వయస్సు చెప్పడం కష్టం. చోటు తప్పిన శిలాజం తన కథలో సగం పోగొట్టుకున్నట్లే.

స్వయం పరీక్ష ప్రశ్నలు

1. పరిగి ప్రాంతపు గ్రానైట్‌లో డైనోసార్ ఎముక ఎందుకు దొరకదు?
2. శిలాదారువును, అగేట్‌ను వేరుచేయడానికి కాఠిన్య పరీక్ష ఎందుకు సరిపోదు?
3. మీ ఊరి వాగులో దొరికిన మూడు రాళ్ల విరిగిన అంచులను పరిశీలించి, నిర్మాణ లక్షణాలను పట్టికగా రాయండి.