గమకానికి అచ్చు దొరికిన కథ

కరీంనగర్‌లో సంగీతం నేర్చుకునే పిల్ల తన పుస్తకంలో తోడి రాగం పేజీ తీస్తే గాంధారం దగ్గర కనిపించేది ఒక్క అక్షరం: గ. పాడేటప్పుడు మాత్రం అది ఒక్కచోట నిలవదు. షడ్జమాన్ని సెకనుకు 240 కంపనాల దగ్గర పెట్టుకుంటే శుద్ధ రిషభం 256, సాధారణ గాంధారం 288, శుద్ధ మధ్యమం 320 దగ్గర పడతాయి. తోడి గాంధారం దాదాపుగా ఆ రిషభానికీ ఆ మధ్యమానికీ నడుమ ఊగుతుంది. 288 దగ్గర కదలకుండా నిలబెట్టి పాడితే గురువుగారు అక్కడే ఆపేస్తారు, అది తోడి కాదంటారు. ఆ ఊపు పుస్తకంలో లేదు. గురువు గొంతులోంచే రావాలి.

ఆ ఊపును కూడా సీసపు అక్షరాల్లో పట్టుకున్న అచ్చుకూటం ఒకటి ఉండేది. అది పట్టుకున్నది తెలుగు లిపిలో.

సంగీతాన్ని అచ్చువేయడం మొదటినుంచీ చిక్కు పనే. వెనిస్‌లో 1501లో ఒట్టావియానో పెట్రూచి ఒకే కాగితాన్ని రెండు మూడుసార్లు యంత్రం కింద పెట్టాడు. గీతలు ఒకసారి, స్వరాలు ఒకసారి. ఒక్క వెంట్రుకవాసి జరిగినా స్వరం మారిపోతుంది. 1520ల్లో లండన్‌లో జాన్ రాస్టెల్, పారిస్‌లో పియెర్ అటెన్యా దీనికి ఉపాయం కనిపెట్టారు. స్వరం ఉన్న ప్రతి అచ్చుముక్క మీదే ఐదు గీతల తునకను కూడా కలిపి పోతపోయించారు. ముక్కలను పక్కపక్కన పేరిస్తే గీతలు వాటంతటవే కలుస్తాయి, కాగితం ఒక్కసారి నొక్కితే చాలు. 1588లో విలియం బర్డ్ పాటలను అచ్చువేసిన లండన్ ముద్రాపకుడు థామస్ ఈస్ట్ నడిచింది ఈ దారినే. ఆ కాలపు పేజీలను దగ్గరగా చూస్తే ముక్కకూ ముక్కకూ మధ్య గీత సన్నగా తెగి కనిపిస్తుంది. 1700 ప్రాంతం నుంచి జాన్ వాల్ష్ అచ్చుముక్కలు వదిలి, తగరం ఎక్కువగా కలిసిన మెత్తటి లోహపు పలక పట్టాడు. స్వరం ఆకారమున్న ఉక్కు ముద్రను పలక మీద తిరగేసి సుత్తితో కొట్టడం, మిగతా గీతలు చేత్తో చెక్కడం. హాండెల్ సంగీతాన్ని వాల్ష్ అచ్చువేసి అమ్మింది ఇలాంటి పలకల మీంచే.

మన స్వరలిపిలో స్వరాలు అక్షరాలే కనుక ఐదు గీతల బెడద లేదు. 1859 నాటికే వీణ రామానుజయ్య ‘సంగీత సర్వార్థ సార సంగ్రహము’ వచ్చింది. 1880ల్లో తచ్చూరు సింగరాచార్య సోదరులు మద్రాసు నుంచి తెలుగులో వరసగా సంగీత పుస్తకాలు తెచ్చారు. అదే మద్రాసులో సచివాలయ ఉద్యోగి ఎ.ఎం. చిన్నస్వామి మొదలియార్ 1892లో మన కృతులను పాశ్చాత్యుల ఐదు గీతల మీద అచ్చువేయడం మొదలుపెట్టారు. స్వరం, కాలం వాటిలో చక్కగా కుదిరాయి. స్వరానికీ స్వరానికీ మధ్య జరిగే ప్రయాణం కుదరడం కష్టం. ఆ ప్రయాణమే గమకం, మన సంగీతానికి ప్రాణం అదే. మొదలియార్ పట్టుబట్టి, వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితుల వంశంలోని సుబ్బరామ దీక్షితులను గమకాలతో సహా కృతులను రాసిపెట్టే పనిలోకి దింపారు.

సుబ్బరామ దీక్షితులు (1839–1906) ఎట్టయపురం ఆస్థాన విద్వాంసులు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు, మన సంగీతంలోకి వయొలిన్ తెచ్చిన బాలుస్వామి దీక్షితులకు దత్తపుత్రులు. ఎట్టయపురం తమిళదేశంలో ఉన్నా అక్కడి జమీందార్లు తెలుగు మూలాలున్న నాయకులు, దక్షిణాదిన సంగీతానికి రాతభాష అప్పటికి తెలుగే. జమీందారు ఖర్చు పెట్టుకున్నారు. ఆ ఊళ్లోని విద్యావిలాసిని ముద్రాక్షరశాలలో 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ వెలువడింది. రెండు సంపుటాలు, దాదాపు 1700 పుటలు, ముత్తుస్వామి దీక్షితుల కృతులే 229.

ఆ పుస్తకంలో ఒక్క పంక్తిని కంపోజిటర్ కళ్లతో చూద్దాం. నడుమ స్వరాక్షరాల వరస, నడుస్తూనే తాళపు విరుపులు. మంద్ర, తార స్థాయిలకు అక్షరం కిందా పైనా చుక్కలు. కాలం సగానికి తగ్గితే అక్షరాల నెత్తిన ఒక గీత, మళ్లీ సగమైతే రెండు. స్వరాల కింద సాహిత్యం, దాని గుణింతాలూ ఒత్తులూ. ఇన్నింటి మీద గమక చిహ్నాలు. కంపితానికి అల, నొక్కుకు ఇంగ్లీషు డబ్ల్యూ లాంటి గుర్తు, రవకు చిన్న గోపురం, ఖండింపుకు టిక్కు, పైకి జారడానికి ఒక ఏటవాలు గీత, కిందికి జారడానికి మరొకటి. స్ఫురితానికి మూడు చుక్కలు, ప్రత్యాహతానికి అవే చుక్కలు తలకిందులుగా. ఇక్కడ అచ్చు పనికి సంబంధించిన ఒక ముచ్చట చెప్పాలి. మూడు చుక్కల ముక్కను తిప్పి పెడితే రెండో గమకం వచ్చేస్తుంది, ఒకే పోత చాలు. ఏటవాలు గీతను ఎంత తలకిందులు చేసినా అది అదే వైపు వాలుతుంది, కాబట్టి రెండు జారులకూ రెండు వేరే పోతలు తప్పవు. సీసంతో పనిచేసేవాడి రోజంతా ఇలాంటి లెక్కల్లోనే గడిచేది.

అసలు కష్టం పేర్చడంలో ఉంది. పై వరసలో అలను గ నెత్తిన నిలబెట్టడానికి దాని ముందు ఖాళీ ముక్కలను లెక్కపెట్టి వేయాలి. ఒక్క ముక్క ఎక్కువైతే అల పక్కనున్న మ మీదికి వెళ్తుంది. మామూలు పుస్తకంలో ఇలాంటి తప్పును చదివేవాడు సర్దుకుంటాడు. ఇక్కడ మాత్రం రాగమే చెడుతుంది, పైగా ప్రూఫు దిద్దేవాడికి పాట రాకపోతే ఆ తప్పు కంటికి ఆనదు. ఒక చిన్న ఊరి అచ్చుకూటం ఇంతటి పనిని 1700 పుటల పొడవునా మోసిందంటే, థామస్ ఈస్ట్ పేరు తలిచిన నోటితోనే ఆ పేరు తెలియని కంపోజిటర్లనూ తలవాలి.

తర్వాత వచ్చిన పుస్తకాల్లో ఎక్కువ భాగం ఈ చిహ్నాలను వదిలేశాయి. గురువు ఎదురుగా ఉంటే గుర్తులతో పనేముందన్న నమ్మకం ఒక కారణం, కూర్పు పనికి అయ్యే ఖర్చు మరో కారణం అని నేననుకుంటాను. ‘ప్రదర్శిని’ని మాత్రం మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1961 నుంచి 1983 వరకు ఐదు సంపుటాలుగా తమిళ లిపిలోకి తెచ్చింది, ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ 1970ల్లో హైదరాబాదు నుంచి తెలుగులో తిరిగి అచ్చువేసింది. ఇవాళ డీటీపీ సెంటర్లో సీసం లేదు, ఖాళీ ముక్కల లెక్క లేదు. అయినా తెలుగు టైపింగుకు వాడే మామూలు కీబోర్డులో కంపితానికి మీట లేదు.

ఉండాలి. కృతుల కోసమే కాదు. ఆదిలాబాద్ జిల్లాలో ప్రధానులనే గాయకులు గోండుల వంశగాథలు పాడుతూ మూడు తీగల కిక్రీ మీద కమాను లాగుతారు, తీగ మీద వేలు జారుతుంటే స్వరం జారుతుంది. నార్నూర్ మండలం గుంజాలలో వెలుగు చూసిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది, ఆ గాథల మాటలకు కంప్యూటర్లో చోటు దొరికింది. కిక్రీ పాటను ఒట్టి సరిగమల్లో రాస్తే సగమే మిగులుతుంది. రాయాలనుకునేవాళ్లు ముందుగా ఎట్టయపురం పేజీలోని ఆ రెండు ఏటవాలు గీతలను తీసుకోవాలి, చాలనిచోట కొత్త గుర్తులను ప్రధానులను అడిగి, వాళ్ల ఎదుటే కూర్చుని తయారుచేసుకోవాలి.