కొండసైకిలు: ఇల్లు చేరిన పిమ్మట

ఆదివారమునాటి యుదయమున మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములలోని పెద్ద పెద్ద అంతస్తుల మేడలలో లిఫ్టు తలుపు తెఱచుకొనగానే ముందొక సైకిలును, దాని వెనుక చెమటోడ్చుచున్న యొక యువతియు వెలికివచ్చుట మీలో ననేకులు చూచియే యుందురు. చక్రములనిండ నెఱ్ఱమట్టి, గొలుసునిండ నల్లని జిడ్డు. గడప దాటిన తోడనే తెల్లని గచ్చుమీద మఱకలు. అప్పుడు మనకు తోచు నుపాయ మొక్కటే. బకెట్టెడు నీళ్లు కుమ్మరించి, చేతికందిన గుడ్డతో తుడిచి, గోడకు చేరవేయుట. మేమును చాలకాల మట్లే చేసితిమి.

మా కోడలు నానక్‌రామ్‌గూడలో నొక కార్యాలయమున నుద్యోగము చేయుచున్నది. వారమున కైదు దినములు కంప్యూటరు నెదుటనే కూర్చుండవలసిన పిల్ల. ఆదివారము మాత్రము తెల్లవారుజామున లేచి, కొండసైకిలు తీసికొని ఖాజాగూడ గుట్టలకో, గండిపేట చెఱువు వైపునకో పోవును. గత వర్షాకాలమున నా సైకిలు బ్రేకు పట్టినప్పుడెల్ల కీచుమని యఱచుచుండెను. తలుపు కిఱ్ఱుమన్నప్పుడు బందులకు చుక్క నూనె వేయుట మనకు తరతరములుగా వచ్చిన యలవాటు గదా! ఆమె నిద్రించుచుండగా, మేలు చేయుచున్నామని తలంచి, కుట్టుమిషను నూనెసీసా తెచ్చి చక్రము నడుమనున్న పలుచని యుక్కుపళ్లెముమీద నాలుగు చుక్కలు వేసితిమి. ధ్వని యాగెను. మాకు పట్టరాని సంతోషము.

మఱునాడు గుట్ట దిగుచుండగా బ్రేకు పట్టలేదు. ఆమె గాభరాపడక సైకిలును త్రోవప్రక్కనున్న పొదలలోనికి తిప్పి పడిపోయినది కనుక బ్రతికిపోయితిమి. మణికట్టు బెణికెను; మోచేతులు గీచుకొనిపోయెను. ఇంటికి వచ్చి సైకిలును వెలుతురున నిలిపి చూచి, "అత్తయ్యగారూ, దీనికి నూనె మీరు వేసితిరా?" అని యడిగెను. ఔనంటిమి. "గొలుసునకు వేయవలసినది బ్రేకునకు వేసితిరి" అని మాత్రమే పలికి, చేతికి కట్టు కట్టించుకొనుటకు పోయెను. కోపపడియున్నచో మాకింత బాధ కలిగియుండదు. ఆమె చేయి స్వస్థపడిన పిమ్మట మేమే యడిగి యీ సైకిలు సంరక్షణమును నేర్చుకొంటిమి.

"ఈ వయసున యంత్రములతో మీకేమి పని?" యని మా యింటనే నవ్వినవారు లేకపోలేదు. అమెరికాలో మద్యపాన నిషేధోద్యమమునకు నాయకురాలైన ఫ్రాన్సిస్ విల్లార్డు 53 ఏండ్ల వయసున సైకిలు త్రొక్కుట నేర్చుకొని, తన సైకిలునకు గ్లాడిస్ అని పేరు పెట్టుకొని, 1895 లో నా నేర్చుకొనిన కథను పుస్తకముగా ప్రకటించెను. మేము త్రొక్కుటలేదు, తుడుచుచున్నాము. ఇంతమాత్రమునకు వయసు చాలదా?

ముందు బ్రేకు సంగతి. ఇప్పటి కొండసైకిళ్లలో పెక్కింటికి చక్రము నడుమ నొక యుక్కుపళ్లెము బిగించియుండును. దీనిని డిస్కు అందురు. చేతిమీట నొక్కినప్పుడు రెండు చిన్న బిళ్లలు దీనిని రెండుప్రక్కల నుండి పట్టి, ఆ రాపిడిచేతనే చక్రమును నిలుపును. నూనె చేసెడి పనియే రాపిడిని తగ్గించుట. ఇక నా రెంటికి పొత్తెట్లు కుదురును? పైగా నా బిళ్లలు నూనెను పీల్చుకొనును. ఉక్కుపళ్లెమును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో శుభ్రమైన గుడ్డ తడిపి తుడిచిన బాగుపడును గాని, నూనె పీల్చిన బిళ్లలను తీసి క్రొత్తవి వేయించుటయే మేలు. మా తప్పునకు మేము చెల్లించిన మూల్యము రెండు జతల బిళ్లలు, ఒక బెణికిన మణికట్టు. బ్రేకు కీచుమనుటకు కారణము తడియో, మట్టియో, బిళ్ల యరిగిపోవుటయో కావచ్చును. బిళ్లమీది రాపిడి పొర ఒక మిల్లీమీటరుకంటె పలుచబడినచో మార్పించవలెను. చేతివ్రేళ్ల జిడ్డుకూడ నా పళ్లెమున కంటరాదు. కొండ దిగివచ్చిన వెంటనే దానిని తాకినచో పెనమువలె చుఱుక్కుమనును.

చిత్రమేమనగా, ఈ జాతి సైకిలు పుట్టుకయే బ్రేకుతోడను, జిడ్డుతోడను ముడివడియున్నది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున మెరిన్ ప్రాంతపు కొండలలో 1976 లో కొందఱు యువకులు పాత బరువైన సైకిళ్లమీద నిటారైన మట్టిదారిని దిగుచు పందెములు పెట్టుకొనిరి. ఆ సైకిళ్లకు పెడలు వెనుకకు త్రొక్కిన పట్టెడి బ్రేకులు. క్రిందికి చేరునప్పటికి చక్రనాభిలోని గ్రీజు వేడికి కరగి పొగయైపోవుచుండెడిది. ప్రతి పరుగునకు పిమ్మట దానిని విప్పి మఱల గ్రీజు కూరవలసివచ్చుటచే నా పందెమునకు "రీప్యాక్", అనగా మఱల కూరుట, అను పేరే స్థిరపడెను. 1977 లో జో బ్రీజ్ అనునాత డిట్టి దారులకొఱకే ప్రత్యేకముగా సైకిలు చట్రములు నిర్మించెను. కొండ దిగిన తరువాత సైకిలునకు సేవ చేయవలెననుట దాని పుట్టుకతోనే వచ్చినదన్నమాట.

ఇక మన నేల మాట. 1998 లో సైబర్ టవర్సు ప్రారంభమైన నాటినుండి హైటెక్ సిటీ చుట్టును ఎన్ని మేడలు లేచినను, అడుగున నున్నది దక్కను పీఠభూమి రాతినేలయే. గ్రానైటురాయి యెండకు వానకు చివికి ఎఱ్ఱని మొరముగా మాఱును. ఆ మొరములో పలుగురాతి రవ్వలు మిలమిల మెఱయుచుండును. పలుగురాయి మామూలు ఉక్కుకంటె గట్టిది. నూనె తడిమీదనున్న గొలుసున కీ రవ్వ లంటుకొన్నచో, సానమీద గంధపుచెక్క అరిగినట్లు గొలుసు త్రొక్కిన ప్రతిసారియు నరుగును. మురికి గొలుసున కింకను నూనె వేయుట యీ సానకు నీళ్లు చల్లుటవంటిది. కావున ముందు తుడుపు, పిమ్మట నూనె. ఈ వరుస తప్పరాదు.

చేవెళ్ల, వికారాబాదు వైపునకు పోయిన, అచ్చటచ్చట నల్లరేగడి తగులును. దాని తీరు వేఱు. మొరము నారనిచ్చి పొడి కుంచెతో దులిపినచో చాలవఱకు రాలిపోవును. రేగడి యారినచో గట్టిపడి వదలదు. తడిగానున్నప్పుడే చీపురుపుల్లతో గీకి, నీళ్లతో కడుగవలెను. ఔటర్ రింగురోడ్డు ప్రక్కన 2023 అక్టోబరు 1 న ప్రారంభమైన సైకిలు బాటకు మాత్ర మీ బాధలు లేవు. 23 కిలోమీటర్ల యా బాటకు సూర్యశక్తి పలకలే పైకప్పు. అచ్చటినుండి వచ్చిననాడు పొడిగుడ్డతో తుడిచిన చాలును. మా కోడలి కా బాట నచ్చదు; అది కొండసైకిలునకు తగిన దారికాదట! మాకు మాత్రము మిక్కిలి నచ్చినది.

కడుగుటకు అరబకెట్టు నీళ్లు చాలును. వేసవిలో ట్యాంకరునీళ్లు కొనుక్కొను మనకు ఇదియు నొక లాభమే. గిన్నెలు తోము ద్రవము రెండు చుక్కలు కలిపి, మెత్తని గుడ్డతో పైనుండి క్రిందికి కడిగి, మంచినీళ్లతో తుడిచి, పొడిగుడ్డతో తడి లేకుండ చేయవలెను. బోరునీళ్లు యారినచోట తెల్లని చాఱలు నిలుచును. వంటపాత్రలకు వాడెడి చింతపండును బూడిదయు గొలుసునకు తగవు. సందులకు పాత పండ్లకుంచె మంచిది. ముందు ఫోర్కునకున్న మెఱుగు గొట్టములను ప్రత్యేకముగా మెత్తని గుడ్డతో తుడువవలెను. అచ్చట రవ్వలు నిలిచినచో లోపలి రబ్బరుముద్రలు చెడి నూనె కారును.

ఒక సంగతి మఱవరాదు. కార్లు కడుగు పిచికారీతో సైకిలును కడిగించరాదు. అంతకుముందేడు మేమొక దుకాణమున నట్లు చేయించితిమి. తళతళలాడుచు వచ్చెను. నెలతిరుగునప్పటికి పెడళ్లనడుమ నుండి కరకరమను చప్పుడు. మెకానిక్కు విప్పి చూపగా లోపలి యుక్కుగుండ్లు తుప్పుపట్టియుండెను. నీటిధార గ్రీజును కొట్టివేసి దాని స్థానమున తాను చేరెను. బయటి శుభ్రతకై లోపలి గ్రీజును పోగొట్టుకొంటిమి.

గొలుసును పాత నూలుచీర ముక్కతో పట్టుకొని, పెడలును వెనుకకు మెల్లగా త్రిప్పుచుండవలెను. గుడ్డకు నలుపంటుట తగ్గువఱకు చోటు మార్చి తుడువవలెను. మిక్కిలి జిడ్డున్నచో సైకిలు దుకాణములలో నమ్మెడి జిడ్డుతొలగించు ద్రవమును వాడవచ్చును. పూర్తిగా ఆఱిన పిమ్మట ఒక్కొక్క లంకెమీద నొక్కొక్క చుక్క నూనె వేసి, పెడలును ఇరువది మాఱులు త్రిప్పి, కొంత సేపాగి, పైకి కనబడు నూనెనంతయు తుడిచివేయవలెను. లోపల నున్నదే పనిచేయును. పైనున్నది దుమ్మును పిలుచును. గొలుసు నూనెలోను వానకాలపు రకము, ఎండకాలపు రకము వేఱువేఱుగ దొరకును. కొబ్బరినూనె, వేరుశనగనూనె వేసినచో కొలదిదినములలో బంకయగును. ఇది మా ప్రక్కింటివారి యనుభవము. మేము చేసిన తప్పులు చాలును గదా!

గొలుసు అరుగుదలను ఇంటనే కొలువవచ్చును. కుట్టుపని గుడ్డటేపు సాగును గనుక పనికిరాదు; ఇనుపస్కేలు కావలెను. క్రొత్తగొలుసున ఒక మేకు నడుమనుండి ఇరువది నాలుగవ మేకు నడుమకు సరిగ 12 అంగుళములుండును. అది 12 అంగుళముల మీద అంగుళమున పదునాఱవ వంతునకు వచ్చిన, గొలుసు మార్చవలెను. అశ్రద్ధచేసిన నది గేరుపళ్లనుగూడ నరగదీయును. వానిని మార్పించుట గొలుసునకంటె నెంతయో ఖరీదు.

ఈ పని చేయునప్పుడు చీరచెంగు, చున్నీ, జడ, పెద్దగాజులు సంగతి చూచుకొనవలెను. పెడలును త్రిప్పుచున్న చేయియు, గొలుసు తుడుచుచున్న చేయియు రెండును మనవే కావలెను. ఒకరు త్రిప్పగా మఱొకరు తుడిచినచో వ్రేళ్లు పళ్లచక్రమున పడు ప్రమాదము కలదు. తిరుగుచున్న బ్రేకుపళ్లెము కత్తివంటిది. దాని రంధ్రములలో చిన్నవ్రేళ్లు దూరును. పసిపిల్లలను లోపలికి పంపి, బాల్కనీ తలుపు వేసికొని మేమీ పని చేయుదుము.

కడపట టైర్లు. పల్లేరుకాయలు, తుమ్మముళ్లు గ్రుచ్చుకొనినవేమో చేతితొడుగు వేసికొని తడిమి చూడవలెను. గాలి యెంత యుండవలెనో టైరు ప్రక్కననే అచ్చువేసియుండును. శనివారము రాత్రి గాలి చూచి, సైకిలును వరండాలో నాలుగడుగులు నడిపించి రెండు బ్రేకులను వేఱువేఱుగ పట్టి చూచుట మా నియమము. ఇప్పుడు కీచుమన్నచో కోడలిని లేపుదుము. నూనెసీసా జోలికి పోము. ఆ సీసా మఱల కుట్టుమిషను సొరుగులోనికి చేరినది. సైకిలు తుడిచెడి గుడ్డలలో బ్రేకుగుడ్డకు ఎఱ్ఱదారముతో మూల కుట్టితిమి. దానిని గొలుసుగుడ్డతో గాని, వంటింటి గుడ్డలతో గాని కలిపి ఉతుకము.