తెర లేని మొర

యెమెను దేశమునకు అధికారిగా బయలుదేరుచున్న ముఆజ్ ఇబ్న్ జబల్ అను అనుచరునకు మహమ్మదు ప్రవక్తవారు వీడ్కోలువేళ చేసిన ఉపదేశము బుఖారీ, ముస్లిం హదీసు సంకలనములు రెండింటను కలదు. అచ్చటి ప్రజలను మొదట ఏకేశ్వరారాధనకు పిలువవలెననియు, పిదప అయిదుపూటల నమాజును, ఆ పిదప కలవారియొద్ద గైకొని లేనివారికి పంచవలసిన జకాతును తెలుపవలెననియు వరుసగా బోధించి, వసూలుచేయునప్పుడు వారి సొత్తులో మేలైనవానిని ఏరి పట్టుకొనరాదని హెచ్చరించి, తుట్టతుదకు పీడితుని మొరకు వెరవవలెననియు, ఆ మొరకును దైవమునకును నడుమ తెర యేదియు నుండదనియు వారు సెలవిచ్చిరి. దిక్కులేనివారికి ఊరటగా ఈ మాటను మసీదులలో తరచుగా వినుచుందుము. కాని దీనిని మొట్టమొదట చెవినిడినవాడు అధికారము చేతబట్టి పన్ను రాబట్టబోవు ఉద్యోగి. కష్టకాలమున ముస్లిములు పఠించు ప్రార్థనలను కొంత ఓపికతో పరిశీలించినచో, బాధితుని ఓదార్చు చేయియే బాధించువాని భుజముమీదను పడుచుండుట పలుతావుల కానవచ్చును.

దుఆ యనగా వేడుకోలు. నమాజునకు వేళ కలదు, దిక్కు కలదు, అరబీ పాఠము కలదు, నిలుచుట, వంగుట, సాగిలపడుట యను క్రమము కలదు; దుఆకు ఇవేవియు అనివార్యములు కావు. చేతులు రొమ్మెత్తుకు ఎత్తి, అరచేతులు పైకి తెరచి, తన కష్టమును తన భాషలో చెప్పుకొని, తుదకు ఆ చేతులతో ముఖము తడవుకొనుట మన ప్రాంతమున పరిపాటి. గుంటూరులోనో కర్నూలులోనో నమాజు ముగిసినంతనే, వచ్చిన అరబీ దుఆను వల్లించి, ఆ వెంటనే కూతురి పెండ్లి సంగతియు కోర్టు వ్యాజ్యపు సంగతియు ఉర్దూలోనో తెలుగులోనో విన్నవించుకొనువారు ఎందరో కలరు. రాత్రి చివరి మూడవపాలున, అజానుకును జమాతు నిలుచుటకును నడుమ, సజ్దాలో నుదురు నేల కాన్చియున్న క్షణమున చేయు వేడుకోలునకు విశేషఫలము కలదని హదీసులు చెప్పుచున్నవి. పీడితుడు, బాటసారి, బిడ్డకొఱకు వేడుకొను తండ్రి, ఈ మువ్వురి ప్రార్థనయు త్రోసివేయబడదని వేఱొక హదీసు.

సబ్ర్, అనగా ఓర్పు, ఇస్లాములో గొప్ప గుణముగా ఎన్నబడుటచేత, ఆపద వచ్చినప్పుడు నోరు మెదపక పడియుండుటయే ముస్లిమునకు విధియని బయటివారు తలంతురు. లోపలివారిలోను అట్లు తలచువారు లేకపోలేదు. ఖురాను ఆ తలంపును నిలువనీయదు. కుమారుడైన యూసుఫును కోల్పోయి, కన్నులు తెల్లబడునంతగా దుఃఖించిన యాఖూబు, తన వేదనను దైవముతోనే మొరపెట్టుకొందునని ఇంటివారికి స్పష్టముగా చెప్పెను. ఆయన ఓర్పు సుందరమైన ఓర్పుగా కీర్తింపబడినదేకాని, ఆ మొర తప్పుగా ఎన్నబడలేదు. వ్యాధిపీడితుడైన అయ్యూబు తన బాధను, దైవదయను ప్రక్కప్రక్కన ఉంచి మిన్నకుండెను; నాకు ఇది కావలెనని అడుగనేలేదు. ఫిరౌను భార్య కథ ఇంతకంటె విలక్షణమైనది. తహ్రీము అధ్యాయమున ఆమె, స్వర్గమున దైవసన్నిధిని తనకొక ఇల్లు కట్టుమనియు, ఫిరౌను బారినుండియు వాని చేతలనుండియు తన్ను విడిపింపుమనియు వేడుకొన్నది. ఐగుప్తు రాజసౌధమున వసించు ఇల్లాలు వేఱొక ఇల్లు కోరుటలోని ఆర్తి, సొంత గడపలోపలనే పీడనకు గురియగు స్త్రీలకు వ్యాఖ్యానము లేకయే బోధపడును. పీడకుడు సింహాసనముమీదనే యుండనక్కరలేదు గదా.

మన తెలుగుదేశపు ముస్లిము గృహములలో అన్నిటికంటె ఎక్కువగా వినవచ్చు ఆపత్కాలప్రార్థన యూనుసు ప్రవక్తది. చేపకడుపులోని చీకటిలో ఆయన పలికిన ఆ చిన్న వాక్యమునకు ఆయతె కరీమా యని పేరు. రోగము ముదిరినప్పుడో, ఇంటి పెద్ద అన్యాయముగా జైలుపాలైనప్పుడో, బంధువులను ఇరుగుపొరుగువారిని పిలిచి దీనిని లక్షయిరువదియైదువేల మారులు చదివించుట ఆచారము. హాలులో తెల్లని దుప్పటి పరచి, నడుమ ఖర్జూరపు గింజలు రాశిగా పోసి, చుట్టును ఆడువారు తలపై కొంగు కప్పుకొని కూర్చుందురు. పెదవులు కదలినన్ని మారులు ఒక్కొక్క గింజ ఈ రాశినుండి ఆ రాశికి చేరును. ముప్పదిమంది చేరినచో ఒక పూటలో ముగియును. నడుమ టీ వచ్చును, కష్టముల కబుర్లును వచ్చును. ఈ లెక్కకు హదీసులలో ఆధారము లేదని అభ్యంతరపెట్టు పండితులు కలరు. ఆ వివాదము అట్లుండనిండు. విశేషమేమనగా, ఇన్ని వేలసార్లు వల్లింపబడు ఆ వాక్యమున యాచన యనునది లేదు. దైవము తప్ప వేఱు ఆరాధ్యుడు లేడనుటయు, తప్పు చేసినవాడను నేనే యని ఒప్పుకొనుటయు మాత్రమే కలవు. అన్యాయము మీదపడినవేళ మొదట తన లెక్క తాను చూచుకొనుమనుట కొందరికి కఠినముగా తోచవచ్చును. ఆ ఒప్పుకోలును పీడితునిమీద నేరము మోపుటకు వాడుకొనుట మాత్రము, నా దృష్టిలో, దానిని తలక్రిందులు చేయుటయే.

ప్రవక్తవారి జీవితమున ఇట్టి ఘట్టములలో తాయిఫు ఘట్టము తలమానికము. క్రీ.శ. 619 ప్రాంతమున సహధర్మచారిణి ఖదీజాయు, తన్ను కాపాడుచుండిన పెదతండ్రి అబూతాలిబును స్వల్పకాలముననే గతించిరి. ఆ ఏడు దుఃఖసంవత్సరమని చరిత్రకెక్కినది. మక్కాలో నిలువనీడ కరవై, ద్రాక్షతోటలకు ప్రసిద్ధమైన కొండపట్టణము తాయిఫునకు, అనుచరుడైన జైద్ ఒక్కని వెంటబెట్టుకొని వారు వెళ్లిరి. అచ్చటి సకీఫ్ తెగ పెద్దలు పరిహసించి పంపుటయేగాక, అల్లరిమూకను ఉసికొల్పిరి. రాళ్లదెబ్బలకు పాదరక్షలు నెత్తురుతో తడిసినవి. ఒక తోటగోడ చాటున కూర్చుండి వారు చేసిన దుఆ ఇబ్న్ హిషాము రచించిన ప్రవక్తచరిత్రలో కలదు. దాని పరంపర బలహీనమని హదీసు పండితులు కొందరు చెప్పుదురుగాని, ముస్లిముల హృదయములలో దాని స్థానమునకు లోటు రాలేదు. శత్రువులమీద ఫిర్యాదుతో అది మొదలుకాదు. తన బలహీనతను, తన ఉపాయశూన్యతను, జనులదృష్టిలో తానెంత చులకనయైనదో దానిని ముందుగా విన్నవించి, ఎవరిచేతుల కప్పగించుచున్నావని ప్రశ్నించి, నీ ఆగ్రహము నాపై లేనిచో ఇది నాకొక లెక్క కాదని ధైర్యము తెచ్చుకొని, అంతలోనే, అయినను నీవు ప్రసాదించు క్షేమము నాకు మేలని తగ్గి మాటాడును. చివరి ఆ తగ్గుదలయందే మానుషత్వము కలదు. బాధను ప్రేమించుచున్నానని ఏ పీడితుడును చెప్పనక్కరలేదు.

ఆ తోట యజమానులు ఉత్బా, షైబా అను మక్కా సోదరులు, ప్రవక్తకు ప్రతిపక్షులే; అయినను ఆ దురవస్థకు జాలిపడి, నీనెవె పట్టణమువాడైన అద్దాసు అను క్రైస్తవ బానిసచేత పళ్లెమున ద్రాక్షగుత్తి పంపిరి. ఐదేండ్ల తరువాత బద్రు యుద్ధమున ఆ సోదరు లిరువురును ఎదుటిపక్షమున నిలిచి నేలకొరిగిరి. తాయిఫునుండి తిరుగుదారిలో, కొండలను ఆ జనులపై మూయింపవలెనా యని దైవదూత అడుగగా, వారి వంశమున భక్తులు పుట్టుదురేమో యని ప్రవక్తవారు నిరాకరించిరని బుఖారీ చెప్పుచున్నాడు.

ఓదార్పు ప్రతిసారియు మెత్తగా నుండదు. ఖబ్బాబు అను కత్తులుచేయు బానిసను నిప్పులపై పరుండబెట్టి హింసించిరి. కాబా నీడను దుప్పటి తలక్రింద నుంచుకొని యున్న ప్రవక్తను సమీపించి, మాకొఱకు ప్రార్థింపరాదా యని ఆయన అడిగెను. పూర్వులు రంపములతో కోయబడియు విశ్వాసము వీడలేదని గుర్తుచేసి, సనానుండి హజ్రమౌతువఱకు బాటసారి నిర్భయముగా సాగు దినము వచ్చునని చెప్పి, మీరు తొందరపడుచున్నారని వారు ముగించిరి. ప్రార్థన అడుగవచ్చిన క్షతగాత్రునకు ఈ సమాధానము నేటికిని చదువరిని ఉలికింపజేయును.

నిత్యజీవితపు కష్టములకు సంబంధించిన దుఆ అబూదావూదు సంకలనమున నొకటి కలదు. నమాజువేళ కాని వేళ మదీనా మసీదులో ఒంటరిగా కూర్చుండిన అబూఉమామా అను అన్సారీని చూచి, ఏల ఇచ్చట నుంటివని ప్రవక్తవారు అడుగగా, దిగుళ్లును అప్పులును నన్ను వదలకున్నవని ఆయన చెప్పెను. ఉదయసాయంకాలములు పఠింపుమని వారు నేర్పిన దుఆలో చింత, దుఃఖము, అశక్తత, సోమరితనము, పిఱికితనము, పిసినారితనము, అప్పుల భారము, మనుష్యుల దౌర్జన్యము అను ఎనిమిదింటినుండి రక్షణ కోరబడినది. అప్పును దౌర్జన్యమును చివర జంటగా చేర్చుటలోని లోకజ్ఞానము, ప్రామిసరీ నోటుపై వేలిముద్రవేసిన ఏ రైతునకైనను తేటతెల్లము. సోమరితనమును పిఱికితనమును ఆ పట్టికలోనే యుండుట గమనింపదగినది. బయటి బలవంతుని నుండియే కాదు, లోపలి బలహీనతనుండియు శరణు కోరవలసియున్నది.

ప్రవక్తవారి సతి ఉమ్మెసలమా చెప్పిన మఱొక దుఆ నా మనస్సున మిక్కిలి నాటుకొన్నది. ఇల్లు వెడలునప్పుడెల్ల ప్రవక్తవారు, తాము దారితప్పకుండను, ఇతరులచే తప్పింపబడకుండను, తాము అన్యాయము చేయకుండను, అన్యాయమునకు గురికాకుండను కాపాడుమని వేడుకొనుచుండిరట. బజారునకు పోవువాడు, కచేరికి పోవువాడు, తరాజుముందు కూర్చుండబోవువాడు గడపదాటుచు ఈ రెండును ఒకే ఊపిరిలో అడుగవలసియుండుట సామాన్యవిషయము కాదు. ఈ భావమునకే షియా సంప్రదాయమున గాఢమైన రూపము దొరకినది. క్రీ.శ. 680లో కర్బలా మైదానమున తండ్రి హుసేనును, బంధువులను కోల్పోయి, రోగపీడితుడై బందీగా దమస్కుకు కొనిపోబడిన జైనుల్ ఆబిదీను పేర వెలసిన సహీఫా సజ్జాదియా అను ప్రార్థనాసంపుటము హైదరాబాదు షియాలకు సుపరిచితము. అంతటి అన్యాయమును అనుభవించినవాని పేర నిలిచిన ఆ యేబదినాలుగు ప్రార్థనలలో ఒకటి, తనకు అన్యాయమనిన ఎంత వెగటో ఇతరులకు తాను అన్యాయము చేయకుండునట్లు అంతటి కాపుదల నిమ్మని కోరును. మఱొకటి, తన కన్నులయెదుట ఒకడు పీడింపబడుచుండ తాను సాయపడకుంటినని క్షమాపణ వేడును.

అట్లని శాపము లేకపోలేదు. హిజ్రీ 4వ సంవత్సరమున, క్రీ.శ. 625లో, ఖురాను బోధింపబోయిన డెబ్బదిమంది వరకు అనుచరులు బీరె మఊనాయొద్ద ద్రోహముచే హతులుకాగా, ప్రవక్తవారు నెలదినములు నమాజులోనే ఆ ద్రోహము చేసిన తెగలపై దైవశిక్షను కోరిరి. మక్కాలో నిర్బంధింపబడిన అయ్యాషు, సలమా, వలీదు అను మువ్వురి విడుదలకొఱకు పేరుపేరున వేడుకొనుటయు కలదు. కునూతె నాజిలా యని పేరొందిన ఈ సామూహికప్రార్థనను యుద్ధములు, మారణకాండలు సంభవించినప్పుడు నేటికిని ఫజ్రు నమాజులో, రుకూనుండి లేచిన పిమ్మట, ఇమాము చదువగా వెనుకనున్నవారు ఆమీనందురు. వ్యక్తిగతశాపమునకు సాదు ఇబ్న్ అబీవక్కాసు కథ మచ్చు. కూఫా పాలకుడుగా నున్న ఆయనపై ఒకడు నిండుసభలో అపవాదు వేయగా, వాడు అబద్ధమాడియున్నచో అను షరతు పెట్టియే సాదు శపించెను. కోపమునను ఆ షరతును విడువకుండుట ఆయన గొప్పదనము.

ఇట్టి దుఆలను గుదిగ్రుచ్చిన గ్రంథములలో హిస్నె హసీను, అనగా దుర్భేద్యదుర్గము, ఉర్దూ చదువరులకు వంశపారంపర్యముగా పరిచితము. ఖురాను పఠనశాస్త్రమున ఉద్దండుడగు ఇబ్నుల్ జజరీ 1389లో, దమస్కు నగరద్వారములు మూయబడియున్నవేళ, ఒక శత్రువు తన్ను వెదకుచుండగా దాగియుండి దీనిని పూర్తిచేసెను. దుర్గమను పేరు ఊరక పెట్టినది కాదన్నమాట.

ఒక దుఆ ఎంతదూరము పోగలదో మొరాకో దేశపు ఇరువదియవ శతాబ్దచరిత్ర చూపినది. 1930 మే 16వ తేదీన ఫ్రెంచి ప్రభుత్వము, బర్బరు తెగలను ఇస్లామీయ న్యాయస్థానముల పరిధినుండి తప్పించి, ఆచారన్యాయమునకును, నేరవిషయములలో ఫ్రెంచి కోర్టులకును అప్పగించు శాసనమొకటి సుల్తానుచేత జారీచేయించెను. సభలకు అనుమతి లేదు, పత్రికలకు స్వేచ్ఛ లేదు. అనావృష్టి, మిడుతలదండు వంటి ఉపద్రవములందు మసీదులలో యా లతీఫ్ యని దయామయుని సామూహికముగా పిలుచుట ఆ దేశపు పాత ఆచారము. సలే పట్టణపు యువకులు దానినే చేపట్టిరి. జూను మాసాంతమున శుక్రవారము మహామసీదులో ఆ పిలుపు మారుమ్రోగి, బర్బరు సోదరులనుండి తమ్ము విడదీయవలదను వేడుకోలు దానికి జతపడెను. రబాతునకును, ఫెజ్ నగరమునకును అది వ్యాపించెను. ప్రార్థనను నేరమనుట ఏ ప్రభుత్వమునకైనను కష్టమే. అయినను ఫెజ్‌లో అధికారులు నాయకులను పట్టి కొరడాలతో కొట్టించిరి. 1934 ఏప్రిలులో శాసనమందలి నేరవిచారణభాగమును వెనుకకు తీసికొనిరి. ఆ యేటనే, లతీఫ్ దినములలో మసీదులనిండ గొంతెత్తిన యువకులలో పలువురు చేరి సంస్కరణల ప్రణాళిక నొకదానిని వ్రాసి ప్రభుత్వమునకు సమర్పించిరి. 1956లో లభించిన స్వాతంత్ర్యమునకు దారితీసిన జాతీయోద్యమమును మొరాకో చరిత్రకారులు ఆ వేసవినుండియే లెక్కింతురు. అందు భక్తి యెంత, రాజకీయమెంత యని తూచి చెప్పుట ఆ యువకులకే సాధ్యమై యుండదు.