సారెపెట్టె తాళపుచెవి

ఆడపిల్ల అత్తవారింటికి బయలుదేరునాడు ఆమె వెంట ఒక పెట్టె కూడ బయలుదేరుట మన యిండ్లలో ఏనాటినుండియో వచ్చుచున్న ఆచారము. ఒకప్పుడది ఇత్తడి బద్దెలు కొట్టిన టేకు భోషాణము. మన తల్లులనాటికి పువ్వులు చిత్రించిన రేకు ట్రంకుపెట్టె. నేడు చక్రములమీద దొర్లిపోవు సూట్‌కేసు, దాని వెనుక వ్యానులో ఎక్కి వచ్చు ఇనుప బీరువా. పెట్టె రూపు మారినది గాని, అందులో ఏమేమి పెట్టవలెనను ఆలోచన ప్రతి యింటను సాగుచునే యున్నది. ఆ పెట్టె ఎవరిది, దాని తాళపుచెవి ఎవరి కొంగున ఉండవలెనను ఆలోచన మాత్రము పెండ్లిసందడిలో ఎవరికిని తోచదు.

గత వేసవిలో నా పూర్వవిద్యార్థి యొకరు మా యింటికి వచ్చిరి. ఇప్పుడాయన ఒక ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడు. కుమార్తెకు పెండ్లి కుదిరినది. చేతిలో నూరు పేజీల నోటుపుస్తకము. పట్టుచీరలు 16, నేతచీరలు 10, వెండి పళ్లెము, కుంకుమభరిణ, ఇత్తడి బిందెలు, మంచము, పరుపు అని వరుసగా వ్రాసికొని వచ్చిరి. “మాస్టారూ, అన్నీ రాశాను గానీ పైన ఏమని పేరు పెట్టాలో తెలియలేదండీ. సారె అనాలా, కానుకలు అనాలా, స్త్రీధనం అనాలా? తెలుగు చెప్పినవారు, మీరే చెప్పాలి” అనిరి. నవ్వుచు అడిగిన ప్రశ్నయే. కాని ఆలోచించినకొలది అది కేవలము మాటలను గూర్చిన ప్రశ్న కాదని తోచినది. వస్తువునకు పేరు సరిగా పెట్టగలిగినవారికి దానిమీది హక్కు కూడ తెలియును.

మన భాషలో ఆడపిల్లకు ఇచ్చు సొమ్మునకు పేర్లకు కొదువలేదు. అన్నిటికంటె పాతది అరణము. ఇది సంస్కృతమునందలి హరణ శబ్దమునుండి వచ్చినదని నిఘంటువులు చెప్పుచున్నవి. భారతము ఆదిపర్వములో సుభద్ర అర్జునుని చేపట్టిన పిదప బలరామకృష్ణులు బంధువర్గముతో తరలివచ్చి ఆమెకు అరణము సమర్పింతురు. ఇందులో గమనింపవలసినది ఒకటి కలదు. అరణము పెండ్లికి ముందు కుదుర్చుకొన్న బేరము కాదు. పెండ్లి జరిగిన తరువాత పుట్టింటివారు తమంత తాముగా తెచ్చినది. వరుడు అడుగలేదు, వారు లెక్క చెప్పలేదు.

రెండవది సారె. పసుపు, కుంకుమ, చలిమిడి, అరిసెలు, లడ్డులు, చీర, రవిక - ఇవి కూతురితో పంపి, ఆ ఊరి యింటింట పంచిపెట్టించెడి ఆచారము. పిల్ల కాపురమునకు పోవునపుడే గాక పురిటినుండి మరలిపోవునపుడును సారె పెట్టుదురు. మూడవది పసుపుకుంకుమ. ఈ పేరుతో మన రైతు కుటుంబములు ఎకరమో అరయెకరమో కూతురి పేర చెప్పుట వాడుక. ఇక కట్నము అను మాట మొదట చెడ్డమాట కాదు. శుభకార్యములలో చదివించెడి కానుకకే ఆ పేరుండెను. బేరము చేరినప్పటినుండి ఆ మాట చెడినది.

గురజాడవారి ‘కన్యాశుల్కము’ 1892లో తొలిసారి ప్రదర్శింపబడి 1897లో అచ్చయినది. అందు కనబడు ఆచారములో వరుని పక్షము డబ్బిచ్చి పిల్లను తెచ్చుకొనును. తరువాతి తరములలో వధువు పక్షము డబ్బిచ్చి వరుని తెచ్చుకొనుట వచ్చినది. ధనము ప్రవహించు దిక్కు తలక్రిందులైనది. కాని అప్పుడు గాని, ఇప్పుడు గాని, అది ఆ పిల్ల చేతిమీదుగా పోలేదు. సారెకును కట్నమునకును గల భేదమంతయు ఇందులోనే యున్నది. ఆమె చేతికి వచ్చి ఆమెయొద్ద నిలుచునది సారె. ఆమెను చూపించి మరొకరు పుచ్చుకొనునది కట్నము.

పూర్వశాస్త్రకారులకు ఈ భేదము తెలియును. మనువు స్త్రీధనము ఆరు విధములనెను: అగ్నిసాక్షిగా ఇచ్చినది, అత్తవారింటికి తరలునపుడు ఇచ్చినది, ప్రీతితో ఇచ్చినది, సోదరుడు ఇచ్చినది, తల్లి ఇచ్చినది, తండ్రి ఇచ్చినది. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షరయను వ్యాఖ్య వ్రాసిన విజ్ఞానేశ్వరుడు ఈ హద్దును ఇంకను విశాలము చేసెను. 13వ శతాబ్దిలో తిక్కన సమకాలికుడైన కేతన ‘విజ్ఞానేశ్వరీయము’ పేరుతో ఆ ధర్మశాస్త్రమును తెలుగు పద్యములలోనికి తెచ్చెను. ఆడుదాని సొమ్ము ఆడుదానిదే యను మాట మనకు నిన్న మొన్న పరదేశమునుండి వచ్చినది కాదని చెప్పుటకే ఈ ప్రస్తావన.

ఇక నోటుపుస్తకములోని పట్టికకు వత్తము. పెట్టెలో పెట్టు ప్రతి వస్తువును గూర్చి మూడు ప్రశ్నలు వేసికొనవలెనని ఆ ఉపాధ్యాయునితో చెప్పితిని. ఇది అమ్మాయికి పనికివచ్చునా? ఇది అమ్మాయి కోరినదేనా? ఇది అమ్మాయిదిగా నిలుచునా?

మొదటి ప్రశ్న చీరలకు వర్తించును. పెండ్లిలో తప్పనిసరియైన వస్త్రము నిజమునకు చాల చౌకయైనది. అది మధుపర్కము. తేనె, పెరుగు, నేయి కలిపి వరునికి అతిథిమర్యాదగా ఇచ్చెడి పదార్థము పేరు ఆ సమయమున కట్టెడి తెల్లని బట్టలకు వచ్చినది. ఎఱ్ఱని అంచుగల తెల్లని నూలుబట్ట వధూవరులిద్దరకును చాలును. మిగిలిన పట్టుచీరలన్నియు మన ముచ్చట కొఱకే. ముచ్చట తప్పని నేననను. కాని 16 పట్టుచీరలలో ఉద్యోగము చేయు పిల్ల ఏడాదికి ఎన్ని కట్టును? పెద్ద జరీ అంచుల ధర్మవరము చీర ఒకటి రెండు పండుగలకు చాలును. ఒడలు నూలు, అంచును కొంగును పట్టు అయిన గద్వాల చీర వేడుకకును నప్పును, ఎండకును ఓర్చును. నూలుపోగులకు ముందే ముడులు కట్టి రంగులద్ది నేసిన పోచంపల్లి చీర, సన్నని వెంకటగిరి, సాదా ఒడలుతో దిట్టమైన మంగళగిరి నేత - ఇవి బడికి, ఆఫీసుకు కట్టదగినవి. శ్రీకాకుళము వైపు పొందూరులో వాలుగచేప దవడతో దూదిని శుభ్రపరచి వడికిన సన్నని ఖాదీ యున్నది. వరునికి ధోవతి, మామగారికి ఉత్తరీయము అక్కడివి పెట్టినచో అంతకు మించిన మర్యాద లేదు.

ఇచ్చట ఒక హెచ్చరిక. చేనేత చీర అంగడిలో నిమిషములో దొరకినను మగ్గముమీద నిమిషములో దిగదు. ఉప్పాడ జాందానీలో ఒక్కొక్క పువ్వును చేతితో విడిపోగు దూర్చి నేయవలెను. పనితనమునుబట్టి ఒక్క చీరకు వారములు, నెలలు పట్టును. కావున ముహూర్తము కుదిరిననాడే నేతగానికి చెప్పుట మేలు. ఆఖరు వారమున పరుగెత్తినవారికి మరమగ్గపు నకలే మిగులును. పట్టుకు సిల్క్ మార్కు, చేనేతకు హ్యాండ్లూమ్ మార్కు చూచి, జరీ వెండిదో కాదో అడిగి కొనవలెను. ఇంటికి తెచ్చిన పట్టును నూలుగుడ్డలో చుట్టి ఉంచవలెను. ఏడాదికి రెండు మూడుసార్లు మడత మార్చనిచో జరీ మడతదగ్గర విరుగును. కలరా ఉండలు జరీకి తగులరాదు. దాచుటకు తీరిక లేని పిల్లకు పది పట్టుచీరలిచ్చుట ఆమెకు పది పనులిచ్చుటయే.

రెండవ ప్రశ్న, అమ్మాయి కోరినదేనా యనునది. ఆ నోటుపుస్తకమును అమ్మాయి చూచినదా యని అడిగితిని. “దానికేం తెలుసండీ, వాళ్లమ్మా నేనూ కలిసి రాశాం” అనిరి. ఇరువది అయిదేండ్ల పిల్ల, ఎం.ఎస్సీ. చదివినది, తాను కట్టబోవు చీర ఎంచుకొనలేదా? ఆ మాటకు ఆయన కొంత సిగ్గుపడిరి. నేనును పడితిని; ఏలయన, నా చెల్లెలి పెండ్లిలో పెట్టె సర్దినవారిలో నేనొకడను. ఆనాడు మేమెవ్వరమును ఆమెను అడుగలేదు.

మూడవ ప్రశ్న అన్నిటికంటె బరువైనది. పెట్టె గుమ్మము దాటిన పిదప అది ఆమెదిగా నిలుచునా? ఎందఱో కోడండ్ర నగలు భద్రతపేర అత్తవారి బీరువాలో చేరి, ఆడపడుచు పెండ్లికో మరిది వ్యాపారమునకో తరలిపోవుట మనమెఱుగనిది కాదు. అడిగినచో “ఏది నీది? ఏదీ ఆధారం?” అను ప్రశ్న వచ్చును. ఆ ప్రశ్నకు సమాధానము పెండ్లినాడే వ్రాసి ఉంచవలెను.

ఇది నా సొంత సలహా కాదు, చట్టమే చెప్పుచున్నది. వరకట్న నిషేధ చట్టము 1961లో వచ్చినది. కట్నము పుచ్చుకొనుట యెట్లో, ఇచ్చుటయు అట్లే నేరము. అడుగకుండ ఆచారముగా, తాహతునకు మించకుండ ఇచ్చు కానుకలకు మాత్రము మినహాయింపు కలదు. వానికి పట్టిక యుండవలెనని 1985లో నియమములు చేయబడినవి. వస్తువు వివరము, ఇంచుమించు వెల, ఇచ్చినవారి పేరు, వారి బంధుత్వము - ఈ నాలుగును వ్రాసి వధూవరులిద్దరును సంతకము చేయవలెను. వధువునకు వచ్చిన కానుకల పట్టిక వధువుయొద్దనే ఉండవలెను. ఇంత సులువైన నియమమును పాటించిన పెండ్లి నేను మిక్కిలి అరుదుగా చూచితిని. చదివింపుల పద్దు మాత్రము ప్రతి పెండ్లిలోను శ్రద్ధగా వ్రాయుదురు! ఆ పద్దు వ్రాయు చేయియే ఈ పట్టికను కూడ వ్రాయవచ్చును గదా.

చట్టములోనే మరియొక మాట కలదు. కట్నముగా ఏదైన ఇతరుల చేతికి పోయినను దానిని మూడు నెలలలో ఆ స్త్రీకి అప్పగింపవలెను. స్త్రీధనము భార్య సొంత ఆస్తియనియు, భర్త దానిని నమ్మకముమీద ఉంచుకొన్నవాడే గాని యజమాని కాడనియు సుప్రీంకోర్టు 1985లో స్పష్టముగా చెప్పినది. 2024లో తెలంగాణమునుండి పోయిన ఒక వ్యాజ్యమున, కూతురు కోరకుండ ఆమె స్త్రీధనమును తిరిగి రాబట్టు హక్కు కన్నతండ్రికిని లేదని అదే న్యాయస్థానము తేల్చినది. అనగా తాళపుచెవి అత్తగారిది కాదు, మగనిది కాదు, కొనియిచ్చిన తండ్రిదియు కాదు.

బంగారము కొనునపుడు హాల్‌మార్కును, నగపై చెక్కిన ఆరక్షరముల గుర్తింపుసంఖ్యను చూచి, రసీదు అమ్మాయి పేర తీసికొనవలెను. పసుపుకుంకుమగా భూమి ఇచ్చువారు నోటిమాటతో ఊరకుండరాదు. 1882నాటి ఆస్తి బదలాయింపు చట్టము ప్రకారము స్థిరాస్తిని దానముగా ఇచ్చుటకు ఇద్దరు సాక్షుల సంతకములతో రిజిస్టరైన పత్రము కావలెను. “నాన్న ఆ చెక్క నాకిచ్చాడు” అని కూతురును, “ఎక్కడుంది కాగితం?” అని అన్నయు వాదులాడుకొన్న ఇండ్లు మన పల్లెలలో కొల్లలు. పసుపుకుంకుమ పేరుతో మొదలైనది పగతో ముగియుట ఎంత దుఃఖకరము!

పెండ్లిలో ఇచ్చినదానితో పుట్టింటిమీద ఆమె హక్కు తీరిపోవునని తలచుటయు పొరపాటు. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానమైన హక్కును ఆంధ్రప్రదేశ్ 1985లోనే, అప్పటికి పెండ్లికాని ఆడపిల్లలకు కల్పించినది. 2005లో అది దేశమంతటను, పెండ్లియైన కుమార్తెలకును వచ్చినది. సారె ప్రేమకు గుర్తు. వాటాకు బదులు కాదు.

ఇన్ని చెప్పి, అప్పు మాట చెప్పకున్న తప్పగును. పట్టిక వ్రాయుటకు ముందు తండ్రి వ్రాయవలసినది తన తాహతు. అప్పు చేయకుండ ఎంత పెట్టగలమో ఆ అంకె మొదట వ్రాసి, దాని క్రింద వస్తువులు వ్రాయవలెను. వస్తువులు ముందు వ్రాసి డబ్బు పిదప వెదకువాడు చివరకు వడ్డీవ్యాపారి గుమ్మమున తేలును. ఎదుటివారు నోరు తెఱచి అడిగినచో, దానిని సారె యనినను కానుక యనినను అది కట్నమే. అట్టి సంబంధమునుండి వెనుదిరుగుట అవమానము కాదు.

నెల దినముల పిదప ఆ ఉపాధ్యాయుడు మరల వచ్చిరి. ఈసారి కుమార్తెయు వెంట వచ్చినది. నోటుపుస్తకము కొత్తది, దస్తూరి ఆమెది. పట్టుచీరలు 16కు బదులు 5. మంచము, పరుపు కొట్టివేయబడినవి. “ఆ ఇంట్లో ఉన్నాయి మాస్టారూ, నేను కనుక్కున్నాను” అని ఆమె చెప్పినది. మిగిలిన డబ్బు ఆమె పేర బ్యాంకులో వేయుటకు తండ్రి ఒప్పుకొనిరట. పట్టిక చివర వస్తువు, వెల, ఇచ్చినవారు, బంధుత్వము అని నాలుగు గడులు గీసి, క్రింద రెండు సంతకములకు చోటు విడిచినది. “అబ్బాయి సంతకం పెడతాడా?” అని నేనడిగితిని. “అడిగాను. పెడతానన్నారు. పెట్టనంటే ఇప్పుడే తెలియడం మంచిది గదండీ” అన్నది.

పైన ఏ పేరు వ్రాసినదో చూచితిని. ‘స్త్రీధనము’ అని వ్రాసియున్నది. పెట్టె అడుగున తన డిగ్రీ పత్రములు, బ్యాంకు పుస్తకము, ఈ పట్టిక పెట్టుకొందునని, చీరలు వానిపై సర్దుకొందునని ఆమె చెప్పినది. అప్పగింతలనాడు నేనును పోయితిని. పెట్టె వ్యానులో ఎక్కించిరి. తండ్రి తాళము వేసి, చూపఱలందఱును చూచుచుండగా, తాళపుచెవిని కుమార్తె అరచేతిలో పెట్టిరి. ఆమె దానిని కొంగున ముడివైచుకొన్నది.

మన బడులలో, కళాశాలలలో పాఠములు చెప్పించుకొనుచున్న ఆడపిల్లలందఱును ఏదో ఒకనాడు ఒక పట్టికకు అంశము కాగలరు. ఆ పట్టికను వారే వ్రాసికొనునట్లు చేయుట ఉపాధ్యాయులమైన మన పని.