అద్దెయింట అత్యవసరపు మరమ్మతు

మన పిల్లలలో పెక్కురు నేడు పట్టణములందు అపార్టుమెంటులలో అద్దెకున్నారు. నడిరేయి నీటిగొట్టము పగిలిన, గోడలోని కరెంటుతీగ కాలిన, వారు మొదట మనకే ఫోను చేయుదురు. ఇల్లు తమది కాదు. యజమాని ఊర లేడు. అట్టివేళ పెద్దలు చెప్పదగిన మాటను మనవి చేసెదను.

ఇందు రెండు పనులు కలవు. అపాయము నాపుట ఒకటి; చెడినదానిని బాగుచేయించుట వేరొకటి. మొదటిదానికి ఎవరి అనుమతియు అక్కరలేదు. గొట్టము పగిలినచో నీటి వాల్వును కట్టవలెను. అది ఎచ్చట నున్నదో ఇల్లు చేరిననాడే చూచుకొనవలెను. నీరు స్విచ్చిబోర్డు వైపునకు పారినచో మెయిన్ స్విచ్చి నాపవలెను. అదియే తడిసినచో తాకరాదు. గ్యాసు వాసన వచ్చినచో రెగ్యులేటరు కట్టి, కిటికీలు తెరచి, ఏ స్విచ్చిని ముట్టక వెలుపలికి వచ్చి 1906 అను సంఖ్యకు ఫోను చేయవలెను.

రెండవదానికి క్రమము కలదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 108వ సెక్షను ప్రకారము, యజమాని తాను చేయవలసిన మరమ్మతును, తెలియజేసిన పిమ్మట తగిన కాలములో చేయక ఉపేక్షించినచో, అద్దెదారు తానే చేయించి ఆ వ్యయమును వడ్డీతో అద్దెలో తగ్గించుకొనవచ్చును. ఒడంబడికలో గాని స్థానికాచారములో గాని వేరువిధముగా నున్నచో అదియే చెల్లును. కావున తెలియజేయుటయే ఇందు కీలకము. నోటిమాట నిలువదు. చెడినదాని ఛాయాచిత్రము తీసి, దినమును గంటయు తెలియునట్లు ఫోనులో వ్రాసి పంపవలెను. పనివాని రసీదును, తీసివేసిన పాతముక్కను భద్రపరచవలెను.

నా పూర్వశిష్యు డొకడు గొట్టము మార్పించి, కోపముతో ఆ నెల అద్దె యంతయు నిలిపివేసెను. యజమాని ఇల్లు ఖాళీ చేయుమనెను. వ్యయమును మాత్రము తగ్గించి తక్కినది రసీదుతో పంపుమని నేను చెప్పితిని. అట్లు చేయగా తగవు చల్లారినది. హక్కు ఖర్చుపెట్టినంత మేరకే గాని అంతకు మించి లేదు.

ఏది ఎవరి పని యను సందేహమునకు 2021లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన నమూనా అద్దె చట్టము మంచి కొలత. అందు కట్టడపు మరమ్మతులు, గొట్టముల మార్పిడి, కరెంటుతీగలు యజమాని వంతు. కొళాయి వాషర్లు, స్విచ్చులు, తలుపు తాళములు అద్దెదారు వంతు. అది నమూనా మాత్రమే. రాష్ట్రము శాసించినప్పుడే చట్టమగును.

కావున పిల్లలు అద్దెపత్రముపై సంతకము చేయుటకు ముందే మన మొక మాట చెప్పవలెను: "యజమాని అందుబాటున లేనిచో, ఇంత మొత్తము వరకు అత్యవసరపు మరమ్మతును అద్దెదారు చేయించి అద్దెలో తగ్గించుకొనవచ్చు"నని అందొక పంక్తి వ్రాయించుకొనుడని. పొలము కౌలుకిచ్చునపుడు గట్టు ఎవరు వేయవలెనో ముందే తేల్చుకొను మనకు ఇది క్రొత్త నీతి కాదు.